పడమటి కిటికీ ఖర్చు

చేరిన రోజు

తాళంచెవి ఇచ్చిన అమ్మాయి పేరు షమీమ్. వాటాల ఆఫీసులో పని చేస్తుంది. చేతిలో పలక చూసుకుని, "ఇద్దరు కదా సార్?" అంది.

"ఒకణ్ణే" అన్నాను.

తలెత్తి నన్నూ, నా వెనక ఉన్న రెండు పెట్టెలనూ చూసింది. ఇంకేమీ అడగలేదు. ఆ మర్యాదకు మనసులోనే దణ్ణం పెట్టుకున్నాను.

ఇంటికి దరఖాస్తు చేసినప్పుడు ఇద్దరం. ఓడ బయలుదేరే ముందు చలికాలంలో మా ఆవిడ హైమ పోయింది. ఆమె ఎంచిన ఇల్లు ఆమె ఎంచినట్టే వచ్చింది. కుజుడి మీద ఒక పెద్ద కొండను తొలిచి కట్టిన వరస ఇళ్ళే ఈ ఎర్రచరియ ఊరు. నాది పదకొండో వరసలో ఆఖరి ఇల్లు. పడమటి గదికి మూడు పక్కలా కొండ రాయి, రాతిలో ఒక కిటికీ. తూర్పు గది గోడ పక్కింటితో ఉమ్మడి.

"ఇల్లు ఇద్దరిది, వాటా మాత్రం ఒక్కరిదే వస్తుంది సార్" అంది షమీమ్. "నెలకు వంద యూనిట్లు. గాలి, నీళ్ళు, వేడి, వెలుగు, అన్నీ అందులోనే. వరసగా రెండు నెలలు వాటా దాటితే ఆరో వరసలో ఒంటిగదికి మారుస్తాం. అక్కడ కిటికీలుండవు."

"సరిపెట్టుకుంటాను."

"అందరూ అలాగే అంటారు" అని నవ్వింది.

కొత్తగా వచ్చినవాళ్ళు మొదటి ఏడాది ఏదో ఒకటి రాసి ఉంచాలని ఊరి నియమం. అందుకే ఇది.

మర్నాడు

డిగ్రీ కాలేజీలో కామర్స్ చెప్పినవాణ్ణి. ముందుగా బడ్జెట్ వేశాను.

గాలికి ముప్పై. అందులో పొదుపు కుదరదు. నీళ్ళకు పదిహేను. వంటకూ వెలుగుకూ కలిపి పదిహేను. వేడికి గదికి ఇరవై చొప్పున నలభై. ఇక కిటికీ. గాజు గుండా పోయే వేడిని విడిగా లెక్క కడతారు. దానికి ఇంకో ఇరవై. మొత్తం నూట ఇరవై.

రెండోదైన తూర్పు గది వేడి ఆపేశాను. సరిగ్గా వంద. హైమ పెట్టెను ఆ గదిలో పెట్టి తలుపు వేశాను.

పక్కింటి నరసమ్మగారు పలకరించడానికి వచ్చారు. అరవై దాటిన మనిషి. పార్వతీపురం దగ్గర పల్లె అట. అక్కను అప్ప అంటారు వాళ్ళు. గుమ్మంలోనే నిలబడి, "గోడ వెచ్చనేనా బాబూ?" అన్నారు.

నిన్నటి నుంచి ఈ మాట నాలుగైదుసార్లు విన్నాను. వీధిలో ఎదురైన ప్రతివాళ్ళూ అదే అడుగుతున్నారు. అడిగించుకున్నవాళ్ళు "వెచ్చనే" అంటున్నారు. నేనూ "వెచ్చనే" అన్నాను.

"పడమర కిటికీ ఇల్లు. వాస్తు చూసుకున్నావేటి?"

"ఇక్కడ కూడా వాస్తు చూస్తారా అండీ?"

"దిక్సూచి పనిచేయదు గానీ జనానికి నోళ్ళు పని చేస్తాయి గదా" అన్నారు.

మొదటి వారం

కుళాయి తిప్పితే వచ్చే నీళ్ళు కొండ అడుగున ఉన్న మంచువి. మనిషి అనేవాడు పుట్టకముందే గడ్డకట్టిన నీళ్ళు. ఆ నీళ్ళతో టీ పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాను.

ఇక్కడ పగలు ఆకాశం ఇటుకపొడి రంగు. పొద్దు వాలుతుంటే సూర్యుడి చుట్టూ నీలం మొదలవుతుంది. ముందు పలచగా, గంజిలో నీలిమందు కలిపినట్టు. తరవాత చిక్కబడుతుంది. నేల ఎర్రగానే ఉంటుంది, మన ఊళ్ళో కన్నా చిన్నగా కనిపించే సూర్యుడు నీలపు మధ్యలోకి దిగిపోతాడు. టీ చల్లారిపోయింది. తాగడం గుర్తు రాలేదు.

హైమ ఈ సంగతి ఎక్కడో చదివి ఈ ఇల్లు ఎంచింది. ఇంకొకటి కూడా అంది. ఏడాదిలో కొన్ని నెలలు, పొద్దు వాలాక, ఈ కిటికీకి ఎదురుగా భూమి చుక్కలా కనబడుతుందట. "రోజూ సాయంత్రం ఇంటి వైపు ఓసారి చూసుకోవచ్చు" అంది.

ఆ నెలలు ఇంకా రాలేదు. షమీమ్‌ని అడిగాను. దుమ్ముకారు, అంటే దుమ్ము తుఫానుల కాలం, వెళ్ళగానే అంది.

రెండో నెల మొదట్లో

మొదటి నెల బిల్లు తొంభై తొమ్మిది. గర్వపడ్డాను.

ఈ ఊళ్ళో రోజు మన రోజు కన్నా కాస్త పొడవు. ఆ మిగిలిన దాదాపు ముప్పావుగంటనూ గడియారాలు ఆపేసి, ఎవరి లెక్కకూ రాకుండా వదిలేస్తారు. జనం తలుపులు వేసుకుని వీధిలోకి వస్తారు. వీధి అంటే కొండ లోపలి సొరంగం. అక్కడి వేడి ఉమ్మడి ఖర్చు. పేకాటలు, తగువులు, పెళ్ళిసంబంధాలు అన్నీ ఆ ముప్పావుగంటలోనే.

నరసమ్మగారి కొడుకు గంగునాయుడు కొండ మీది సౌరపలకల దుమ్ము తుడిచే గుంపులో పనిచేస్తాడు. ఇవాళ వచ్చి నా పక్కన చతికిలబడ్డాడు.

"దుమ్ము లేస్తన్నాది మాస్టారూ. ఈపాలి గట్టిగా ఉంటాది. కిటికీకి మూత యేసీండి."

"వేస్తే ఏమొస్తుంది?"

"ఇరవై యూనిట్లు వస్తాయి. దుమ్ములో చూడ్డానికేటున్నాది? గోడకి బురద పూసుకుని చూసినా ఒకటే."

అతడు మాట మార్చి, "అమ్మ గుడ్లు పొదిగిస్తన్నాది, తెలుసా?" అన్నాడు.

ఊరికి కోళ్ళు ఉన్నాయని తెలుసు. మొదటివి ఓడలో పొదిగి వచ్చినవట. ఇప్పుడు నరసమ్మగారి పొదిగే పెట్టెలో ఉన్నవి ఇక్కడ పుట్టిన పెట్టలు పెట్టిన మొదటి గుడ్లు. పద్దెనిమిది.

"ఇవి పిల్లలవ్వకపోతే కోళ్ళకి వాటా ఆపేస్తామని ఆఫీసోళ్ళన్నారు. ఉన్న పెట్టలు ముసలివైపోతే మరి కోళ్ళు లేవు. అమ్మ అయితే తిండి మానేసినాది. కోడిపెట్టకన్నా పంతంగా కూకుంతాది పెట్టె కాడ."

దుమ్ముకారు, మొదటి రోజు

పొద్దున కిటికీలో కొండలు కనబడ్డాయి. మధ్యాహ్నానికి లేవు. ఆకాశమంత గోడ ఒకటి నేల మీద నడుచుకుంటూ వచ్చింది. చప్పుడు లేదు. ఇక్కడి గాలి పలచన, మనిషిని నెట్టలేదు. అయినా లోకం మొత్తాన్ని కప్పేసింది. అంత పెద్దది అంత నిశ్శబ్దంగా రావడం నేను ఎక్కడా చూడలేదు. ఎప్పుడు లేచి నిలబడ్డానో తెలియదు.

సాయంత్రం ఆఫీసు ప్రకటన. సౌరపలకలకు ఎండ లేదు కాబట్టి వాటా వంద నుంచి ఎనభైకి తగ్గింది.

కిటికీకి మూత వేస్తే సరిగ్గా ఎనభై. మూత వేయలేదు. దుమ్ము ఏ సాయంత్రమైనా తగ్గవచ్చు. ఆ సాయంత్రం నేను అక్కడ ఉండాలి. పడమటి గది వేడిని సగానికి దించాను. దీపం మానేశాను. వంట రోజుకు ఒక పూట. అయినా కొంచెం మించుతుంది. ఒక నెల మించితే ఊరుకుంటారు. రెండోది మించకూడదు.

వీధిలో నరసమ్మగారు ఎదురయ్యారు. కళ్ళు లోపలికి పోయి ఉన్నాయి.

"గోడ వెచ్చనేనా బాబూ?"

"వెచ్చనే అండీ."

ఆవిడ నా ముఖం కొంచెం సేపు చూసి వెళ్ళిపోయారు.

దుమ్ముకారు, మొదటి వారం చివర

పక్కింట్లో రెండు రోజులుగా సుత్తి చప్పుడు. ఇవాళ తలుపు కొట్టారు. తల్లీ కొడుకూ ఇద్దరూ.

నరసమ్మగారు లోపలికి వచ్చి, ఏమీ అడగకుండా రెండో గది తలుపు తీశారు. ఆవిడ ఊపిరి తెల్లటి ఆవిరైంది. తిన్నగా వెళ్ళి ఉమ్మడి గోడకు అరచేయి ఆనించారు. వెంటనే తీసేశారు.

"ఓలమ్మో" అన్నారు. "గంగులూ, ఇటు రా. నువ్వు నేల తవ్వి ఎతుకుతన్నది ఇక్కడున్నాది."

గంగునాయుడు గోడ తాకి నావైపు చూశాడు. "మాస్టారూ, మా ఇంట్లో వేడి ఎటు పోతందో తెలీక గచ్చంతా పగలగొట్టీసినాను. మీ గది తాగేస్తంది."

అప్పటికి అర్థమైంది. నేను పొదుపు చేసిన ఇరవై యూనిట్లూ గోడ గుండా వాళ్ళింటి నుంచి వస్తున్నాయి. ఆ గోడకు ఆనించే వాళ్ళ గుడ్ల పెట్టె ఉంది.

"రోజూ అడిగినాను గదా బాబూ, గోడ వెచ్చనేనా అని" అన్నారు నరసమ్మగారు. "నువ్వేటన్నావు?"

"వెచ్చనే అన్నాను."

"మరిదేటి?"

"పలకరింపు అనుకున్నానండీ. బాగున్నారా అన్నట్టు."

గంగునాయుడికి నవ్వు ఆగలేదు. "తప్పేటున్నాదే అమ్మా. బాగున్నావా అంటే ఆయన కడుపునొప్పి, మోకాళ్ళనొప్పి సెప్పాలేటి?"

"నువ్వు నోరుముయ్యి" అన్నారావిడ. నావైపు తిరిగారు. కోపంగా లేరు. అదే కష్టంగా ఉంది. "బాగున్నావా అంటే ఏదో ఒకటి అనేస్తాం బాబూ. బాగోకపోయినా బాగున్నానంటాం. ఈ ఊళ్ళో అందుకే ఆ మాట అడగం. గోడ అడుగుతాం. అడిగితే సెయ్యెట్టి సూసి సెప్పాలి. నీ గోడ నీ ఒక్కడిదీ కాదు."

మూలనున్న పెట్టె మీద ఆవిడ చూపు పడింది. తాళం తీయని పెట్టె. పైన హైమావతి అని పేరు.

"ఎవులిది?"

"మా ఆవిడది."

"ఎప్పుడు పోనాది?"

"ఇక్కడికి వచ్చే ముందు."

ఆవిడ పెట్టె మీద చేయి వేసి, "ఇది కూడా సల్లబడిపోనాది" అన్నారు.

అదే రోజు

వాళ్ళు వెళ్ళాక బడ్జెట్ మళ్ళీ వేశాను. రెండు గదులకూ కిటికీకీ వేడి ఇస్తే నూట ఇరవై. వాటా ఎనభై. ఇలా వరసగా రెండో నెల కూడా మించితే ఇల్లే పోతుంది. ఇల్లు పోతే ఈ గదిని ఖాళీ పెడతారు. గోడ మళ్ళీ చల్లబడుతుంది.

ఒక్క దారే కనబడింది. పడమటి గది వదిలేయాలి. అక్కడి వేడి తీసి తూర్పు గదికి ఇవ్వాలి. నేనూ అక్కడికే మారాలి. కిటికీకి మూత వేయాలి. లెక్క సరిగ్గా ఎనభై.

మూత బరువేమీ లేదు. బిగించడానికి చాలాసేపు పట్టింది.

తూర్పు గదిలో పడుకోవడానికి చోటు కావాలంటే పెట్టె జరపాలి. జరిపితే లోపల ఏదో మెత్తగా కదిలింది. తీశాను. పైన ఒక బొంత. వాళ్ళమ్మ చీరలూ తన చీరలూ కలిపి కుట్టింది. దీని కోసం మా మధ్య వాదన జరిగింది. ఓడలో మనిషికింత అని బరువు లెక్క. అక్కడ వేడి యంత్రం ఉంటుంది, బొంత దండగ అన్నాను. "యంత్రం ఉంటే ఉండనీ, రెండూ కలిసి ఉంటాయి" అని తన వాటాలో పెట్టుకుంది. బదులుగా చెప్పులు మానేసింది.

బొంతను ఉమ్మడి గోడ పొడుగునా వేలాడదీశాను. రాయి చల్లదనం ఆగింది. బొంతకు ఈ వైపు నేను, ఆ వైపు గోడ, గోడకు అవతల గుడ్లు.

దుమ్ముకారు, రెండో వారం

గోడ తాకాను. వెచ్చన. ఇది నా వేడో వాళ్ళదో చెప్పలేను. చెప్పనవసరం లేదు.

నరసమ్మగారు వీధిలో అడిగారు. "ఒక్క క్షణం" అని లోపలికి వెళ్ళి చేయి పెట్టి చూసి వచ్చి చెప్పాను. పేకాడుతున్నవాళ్ళంతా నవ్వారు. ఆవిడ నవ్వలేదు. తల ఊపారు.

కిటికీ లేని గది కొత్తగా ఉంది. ఇక్కడ ఊరి ఊపిరి వినబడుతుంది. కొండ లోపలి గాలి మరలు ఊరంతటికీ ఒకే లయలో గాలి ఎక్కించి దించుతాయి. చెవి పెట్టి వింటే పెద్ద జంతువు పక్కన పడుకున్నట్టుంటుంది. మేమంతా దాని పొట్టలో ఉన్నాం. నా ముప్పై యూనిట్లు వెళ్ళేది దీనికి. బిల్లు మీద అంకెగా చూసినప్పుడు ఇది ఇంత పెద్దదని తెలియలేదు.

దుమ్ముకారు, మూడో వారం

పొద్దున టీ పెడుతుంటే గోడలో చప్పుడు. కిచకిచ. ఆగి మళ్ళీ. బొంత పక్కకు తీసి చెవి ఆనించాను. ఒకటి కాదు, చాలా.

పరిగెత్తాను. తలుపు తీసే ఉంది. నరసమ్మగారు పెట్టె దగ్గర మోకాళ్ళ మీద ఉన్నారు. పెదవి మీద వేలు పెట్టి, దగ్గరికి రమ్మని సైగ చేశారు.

గుడ్లు ఇంకా పగలలేదు. లోపల నుంచే కూస్తున్నాయి. ఒకటి కూస్తే ఇంకోటి జవాబు.

"బయటికొచ్చీముందు మాటాడుకుంతాయి" అన్నారావిడ గుసగుసగా. "అందరూ ఒక్కపాలే రావాల గదా."

ఆ మాటల మధ్యే ఒక పెంకు మీద వెంట్రుకంత గీత వచ్చింది. గీత నక్షత్రమైంది. చిన్న ముక్కు. అలుపు, విరామం, మళ్ళీ ముక్కు. ఈ నేల మీద పుట్టిన తల్లికి పుట్టిన మొదటి పిల్ల తడిసిన దూదిలా బయటికి దొర్లింది. నాకు తెలియకుండానే గంగునాయుడి భుజం పట్టుకున్నాను. అతడూ వదిలించుకోలేదు.

సాయంత్రానికి పదకొండు వచ్చాయి. ఏడు రాలేదు.

"నా గోడ వల్లే" అన్నాను.

"నాలుగు నీ గోడ వల్లే" అన్నారు నరసమ్మగారు. దాచలేదు. "మూడు నా సెయ్యి వల్ల. బేగి బేగి తిప్పేసినాను. పదకొండు సాలు బాబూ. ఆపీసోళ్ళకి పదకొండు నోళ్ళు సాలవేటి?"

ఆరిన పిల్ల ఒకటి లేచి నిలబడింది. అడుగు వేయబోయి గెంతింది. ఇక్కడ బరువు మూడో వంతే కదా, అది జానెడు ఎత్తు లేచి, గాలిలో తెల్లబోయి, మెల్లగా దిగింది. దిగగానే మళ్ళీ గెంతింది. కావాలనే.

హైమ పోయాక నాకు నవ్వు వచ్చింది ఇప్పుడే.

దుమ్ము తగ్గిన రోజు

కోళ్ళ వాటా ఆపడం లేదని షమీమ్ స్వయంగా వచ్చి చెప్పింది. పిల్లను చేతిలోకి తీసుకుని పది నిమిషాలు వదల్లేదు. సౌరపలకల మీది దుమ్ము తుడిచి ఎండ తగిలే దాకా వాటా ఎనభైయే అంది.

ఎనభైలో కిటికీ పట్టదు. కానీ దుమ్ము తేలిపోయిందని గంగునాయుడు అన్నాడు. ఒక్క సాయంత్రం మూత తీస్తే ఎంతవుతుంది? నెలకు ఇరవై అంటే రోజుకు యూనిట్‌లో మూడింట రెండు వంతులు. ఒక సాయంత్రానికి అందులో నాలుగో వంతు. ఒక పూట వంట మానేస్తే సరి. అలా లెక్క వేసుకుని పడమటి గదిలోకి వెళ్ళాను. గది మంచుగడ్డలా ఉంది. మీటరు చూసుకుని మూత తీశాను.

మీటరు కదల్లేదు.

తట్టాను. మళ్ళీ చూశాను. కదల్లేదు. అప్పుడు వెలిగింది. గాజు గుండా పోవడానికి ఈ గదిలో నేను కొన్న వేడి లేనే లేదు. ఇన్నాళ్ళూ ఇరవై యూనిట్లు ఖర్చయింది కిటికీకి కాదు. కిటికీ ముందు వెచ్చగా కూర్చోవడానికి. చలి ఓర్చుకునేవాడికి ఈ కిటికీ ఉచితం.

బొంత తెచ్చి కప్పుకున్నాను. తరవాత పక్కింటి తలుపు కొట్టాను.

ముగ్గురం నిలబడ్డాం. బొంత పెద్దది, ముగ్గురికీ సరిపోయింది. గంగునాయుడి చొక్కాలో ఒక కోడిపిల్ల. దుమ్ముకారు తరవాత మిగిలిన సన్నటి పొడి వల్లనేమో, నీలం ఈసారి ఆకాశంలో సగం దాకా పాకింది. సూర్యుడు కొండ వెనక్కి దిగాడు. నీలం బూడిద రంగైంది. ఆ బూడిదలో ఒక చుక్క వెలిగింది. దాని పక్కనే, అంటుకున్నట్టు, ఇంకొక చిన్న చుక్క.

"పెద్దది భూమి" అన్నాను. "పక్కది చంద్రుడు."

నరసమ్మగారు చాలాసేపు చూశారు. "అంతేనా? అందరూ అందులోనే ఉన్నారేటి?"

"అందరూ."

"మా అత్త కూడానా?" అన్నాడు గంగునాయుడు. "ఇంతకుముందు సేనా పెద్దగా ఉండేది."

ఆవిడ అతడి నెత్తి మీద ఒకటి వేశారు. నేను ఆ చుక్కనే చూస్తున్నాను. వంశధార సముద్రంలో కలిసే చోట హైమ అస్థికలు కలిపాను. ఆ సముద్రం అందులోనే ఉంది. సముద్రాల మీద పడి తిరిగిన ఎండే ఇంత దూరం వచ్చి నా కంటికి తగులుతోంది. ఇంటి వైపు చూసుకోవచ్చు అంది. చూశాను. పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి. కదలబుద్ధి కాలేదు.

చివరికి కోడిపిల్ల అరిచింది. వాళ్ళు ఇంటికి వెళ్ళారు. నేను తూర్పు గదికి వచ్చి బొంత మళ్ళీ గోడకు తగిలించాను.

అవతల నుంచి మూడుసార్లు తట్టిన చప్పుడు. రాతి గుండా నరసమ్మగారి గొంతు, సన్నగా.

"తమ్ముడూ, గోడ వెచ్చనేనా?"

బొంత కిందికి చేయి దూర్చి, అరచేయి రాతికి ఆనించి, కొంచెం సేపు ఉంచాను.

"వెచ్చనే అప్పా" అన్నాను.